మంచం ఎక్కగానే మెలకువ ఎందుకొస్తుంది?

“క్లాసులో కునికిపాట్లు పడతాను. రాత్రి మంచం ఎక్కగానే నిద్ర ఎగిరిపోతుంది. ఎందుకండీ?” అని ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని అడిగింది. కాఫీ మానెయ్, ఫోన్ పక్కన పెట్టు అని ఆమెకు అందరూ చెప్పే ఉంటారు. కీలకం మంచం దగ్గరే ఉంది.

హాస్టల్లో చదివేది, తినేది, సినిమా చూసేది, బ్యాక్‌లాగ్ తలచుకుని కుమిలేది అంతా మంచం మీదే. తిండితో ముడిపడిన చప్పుడు వినగానే రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల్లోని కుక్కలకు నోరూరేది. అలాగే మంచం తగలగానే మెదడు మెలకువకు సిద్ధమవుతుంది. నిద్ర పట్టక దొర్లిన ప్రతి గంటా ఆ ముడిని ఇంకా బిగిస్తుంది. కొందరికి ఊరెళితే హాయిగా నిద్ర పట్టేది ఇందుకే: అక్కడి పక్కకు ఆ ముడి పడలేదు. మంచం దిక్కు మార్చగానే నిద్ర పట్టిందంటే వాస్తు మహిమ అనుకోకండి, మార్పు కొత్తదనానిది కావచ్చు.

ఈ ముడి విప్పే పద్ధతిని 1972లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ ప్రతిపాదించారు. కళ్లు మూతలు పడుతుంటేనే పడుకోవాలి. సుమారు 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే (గడియారం చూడొద్దు, అంచనా చాలు) లేచి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి రావాలి. ఎన్నిసార్లయినా ఇంతే. ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లేవాలి. పగటి కునుకు వద్దు, అది రాత్రికి కూడిన నిద్ర ఒత్తిడిని (మెలకువగా ఉన్నకొద్దీ పెరిగే నిద్ర అవసరాన్ని) ఖర్చు చేసేస్తుంది. గదిలో మంచం తప్ప చోటు లేకపోతే మన పెద్దల అలవాటు పనికొస్తుంది: పొద్దున్నే పక్క ఎత్తేయడం. పరుపు చుట్టేస్తే అది కూర్చునే చోటు, పరిస్తేనే పడక.

1987లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ స్పీల్‌మన్ బృందం దీనికి లెక్క జోడించింది. 8 గంటలు మంచంపై ఉండి 6 గంటలే నిద్రపోతే నిద్ర సామర్థ్యం 75 శాతం. అప్పుడు మంచంపై గడిపే సమయాన్ని 6 గంటలకే కుదించాలి: 6:30కి లేవాలంటే 12:30కి ముందు పడుకోకూడదు. సామర్థ్యం 85–90 శాతం దాటాక 15 నిమిషాల చొప్పున పెంచాలి. 5 గంటల కంటే మాత్రం తగ్గించకూడదు. మూర్ఛ, బైపోలార్ సమస్య (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి రావడం) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి వెళ్లొద్దు. మొదటి వారాల్లో పగలు మత్తుగా ఉంటుంది, బండి నడపొద్దు.

ఇవన్నీ కలిసిన చికిత్సను బ్రిటన్‌లోని 26 విశ్వవిద్యాలయాల్లో 3,755 మంది విద్యార్థులతో ఇంటర్నెట్ ద్వారా పరీక్షించారు. 2017లో ఫలితాలొచ్చాయి. చికిత్స పొందినవాళ్లలో నిద్రలేమితో పాటు అకారణ అనుమానాలు, లేనివి ఉన్నట్టు తోచడం కూడా తగ్గాయి. నన్ను అన్నిటికన్నా కదిలించిన ఫలితం ఇదే.

ఇక రేపటి పనుల బెంగ. 2018లో అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 57 మంది యువతీయువకుల చేత పడుకోబోయే ముందు 5 నిమిషాలు రాయించారు. చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సగటున 9 నిమిషాల ముందు నిద్రపోయారు. “చదవాలి” అని ఊరుకోకుండా ఏ సబ్జెక్టు, ఏ యూనిట్ అని వివరంగా రాసేయండి. ఆ ప్రయోగంలో జాబితా ఎంత వివరంగా ఉంటే నిద్ర అంత త్వరగా పట్టింది.