ఇసాండ్ల్వానా: ఏ బొమ్మ ముందు గీశారు?

దక్షిణాఫ్రికాలోని ఇసాండ్ల్వానా కొండ దగ్గర 1879లో జులూలు బ్రిటిష్ సైన్యాన్ని ఓడించారు. ఆ యుద్ధచిత్రాలను తీసేయాలా, ఉంచితే వాటి కింద ఏం రాయాలా అన్న తగాదా మళ్ళీ రాజుకుంది. జులూ రాజ్యాన్ని నిలబెట్టిన షాకా కాలం నుంచి ఎత్తుకుని రానక్కర్లేదు. చూడాల్సింది 1879 జనవరి 22, ఆ తర్వాత ఏ బొమ్మ ముందు గీశారన్నది.

యుద్ధం జులూలు కోరి తెచ్చుకున్నది కాదు. సరిహద్దు తగవులో బ్రిటిష్ వాళ్ళు వేసిన కమిషనే 1878లో చాలావరకు జులూల వైపు తేల్చింది. అంతకుముందు బొంబాయి గవర్నరుగా చేసిన బార్టిల్ ఫ్రేర్ అప్పుడు దక్షిణాఫ్రికాలో బ్రిటిష్ హైకమిషనర్. ఆ తీర్పుతో పాటే, సైన్యాన్ని రద్దు చేసుకోవాలని జులూ రాజు సెట్ష్వాయోకు గడువు పెట్టాడు. ఏ రాజూ ఒప్పుకోలేని షరతు అది. గడువు తీరగానే పక్కనున్న బ్రిటిష్ వలస నేటాల్ నుంచి సేనలు నది దాటాయి. అప్పటికే ఆ నేటాల్ చెరకు తోటల్లో మద్రాసు ఓడల్లో వెళ్ళిన తెలుగు కూలీలున్నారు.

జనవరి 22 అమావాస్య. పోరుకు మంచిది కాదని దాదాపు 20,000 మంది జులూ యోధులు ఎన్గ్వెబెని లోయలో కదలకుండా కూర్చున్నారు. బ్రిటిష్ గుర్రపు దళం వాళ్ళ కంటపడింది. ఇక ఆగలేదు. ఎద్దు కొమ్ముల్లా రెండు పక్కల నుంచీ చుట్టేశారు. బ్రిటిష్ సేనాని చెల్మ్స్‌ఫర్డ్ తెల్లారకముందే సగం సైన్యంతో వేరే వైపు వెళ్ళిపోయాడు. కొండ కింద వదిలిన శిబిరం చుట్టూ బండ్లతో కోట కూడా కట్టలేదు. బ్రిటిష్ వైపు 1,300 మందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళలో వందల మంది ఆఫ్రికన్లే, పేరున్న బొమ్మల్లో వాళ్ళకు చోటు దక్కలేదు. జులూలూ వెయ్యి మందికి తక్కువ కాకుండా నేలకొరిగారు.

అదే సాయంత్రం దగ్గర్లోని రోర్క్స్ డ్రిఫ్ట్ అనే స్థావరంలో సుమారు 150 మంది బ్రిటిష్ సైనికులు జులూల దాడికి నిలబడి గెలిచారు. బ్రిటన్‌లో సాహసానికిచ్చే అత్యున్నత పతకాలు, విక్టోరియా క్రాసులు, 11 వచ్చాయి. నా లెక్కలో మలుపు ఇదే. 1880లోనే దీని మీద రెండు పెద్ద చిత్రాలు తయారయ్యాయి. ఒకటి చిత్రకారిణి ఎలిజబెత్ బట్లర్‌తో విక్టోరియా రాణి గీయించుకుంది. రెండోది, ఫ్రెంచి చిత్రకారుడు న్యూవిల్ గీసింది, సిడ్నీ చేరింది. రెంటిలోనూ జులూలు అంచుల్లోనే కనిపిస్తారు. గాయపడి పడి ఉన్న జులూలను తర్వాత బ్రిటిష్ వైపు వాళ్ళు చంపిన సంగతి ఏ ఫ్రేములోకీ రాలేదు.

ఇసాండ్ల్వానా ఓటమిని చిత్రకారుడు చార్లెస్ ఫ్రిప్ 1885లో గానీ గీయలేదు. అందులోనూ మధ్యలో ఎర్రకోట్ల బ్రిటిష్ సైనికుల గుంపు, గడ్డం సార్జెంటు, పక్కన డ్రమ్ము కుర్రాడు. చూసేవాడి కన్ను వాళ్ళ దగ్గరే ఆగుతుంది, గెలిచినవాళ్ళు చుట్టూ అలల్లా మిగిలిపోతారు. ఆ చిత్రాన్ని తీసేయమనడం నాకు సబబనిపించదు, బాగా గీసిన బొమ్మ అది. కానీ దాని కింద ‘చివరి పోరాటం’ అని మాత్రమే రాస్తే, ఎవరి ఇల్లు ఎవరు తొక్కారన్నది చెరిగిపోతుంది. శవాల పొట్టలు చీల్చడాన్ని లండన్ రాక్షసత్వమంది. చచ్చినవాడి ఆత్మను విడిపించడమని జులూల నమ్మకం. చిత్రం పక్కన ఆ మాట కూడా ఉండాలి.

ఇసాండ్ల్వానా కొండ కింద సున్నం కొట్టిన రాళ్ళగుట్టలు బ్రిటిష్ సైనికుల సమాధులు. జులూలకు అక్కడ స్మారకం 1999లో గానీ రాలేదు. అది జులూ వీరులు మెడలో వేసుకునే పూసల దండ, కంచులో.