ఆరు నెలల లెక్క చూపి ఆఫీసుకు రమ్మంటున్నారు

ఐటీ కంపెనీలు హాజరు నిబంధన బిగించిన ప్రతిసారీ ఒడిశాలోని బరంపురంలో ఉన్న తెలుగు ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. లాక్‌డౌన్‌లో హైదరాబాద్, బెంగళూరు గదులు ఖాళీ చేసి పిల్లలు ఇంటికొచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. ఇన్వర్టర్ కొని, రెండో నెట్ కనెక్షన్ పెట్టించుకుని, నాన్న బీపీ మందులు, అమ్మ కంటి ఆపరేషన్ చూసుకుంటున్నాక ఇప్పుడు రమ్మంటే ఎలా అన్నది వాళ్ల గొడవ. ఇంటి నుంచి పనిచేస్తే టీమ్‌వర్క్ దెబ్బతింటోందని, పరిశోధనలే ఆ మాట చెబుతున్నాయని కంపెనీల వాదన.

ఆ పరిశోధనల్లో ఎక్కువగా వినిపించేది 2021 సెప్టెంబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ అధ్యయనం. అమెరికాలోని ఆ కంపెనీ ఉద్యోగులు 61,182 మందిలో ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో లెక్కగట్టారు. సొంత టీమ్‌లో మాటలు పెరిగాయి కానీ, వేరే టీమ్‌లవాళ్లతో గడిపే సమయం దాదాపు పావు వంతు తగ్గింది. కంపెనీలు పట్టుకున్నది ఈ తగ్గుదలనే.

ఇలాంటి దూరపు పరిచయాల విలువను సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే చెప్పాడు. ఆయన సర్వేలో, పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో 80 శాతానికి పైగా, ఆ కబురు అప్పుడప్పుడో అరుదుగానో కలిసే మనిషి నుంచే విన్నారు. ఇది మనవాళ్లకు కొత్త కాదు. బరంపురం నుంచి హైదరాబాద్ వెళ్లిన ఎంతోమందికి మొదటి రిఫరల్ ఇచ్చింది మేనత్త కొడుకు రూమ్‌మేటో, కాలేజీ సీనియర్ బావమరిదో. కొత్తగా చేరినవాళ్లకు పక్కన సీనియర్లుంటే సలహాలు ఎక్కువ అందుతాయని కూడా పరిశోధనల్లో తేలింది. కాబట్టి కంపెనీల భయం ఉత్తిది కాదు.

అయితే మైక్రోసాఫ్ట్ లెక్క 2020 తొలి ఆరు నెలలదే, జూన్‌తో ఆగిపోయింది. అప్పటికింకా జనం డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ సర్దుకుంటున్నారు. పైగా కొలిచింది మాటలనే. పని ఎంత జరిగిందో కొలవలేదు. కంపెనీలు తీర్పు మాత్రం ఇచ్చేశాయి. 2025 నాటికి నాలుగో వంతు సిబ్బంది ఆఫీసుకొస్తే చాలని 2020లో ప్రకటించిన టీసీఎస్, 2023 అక్టోబరుకల్లా వారానికి ఐదు రోజులూ రమ్మంది.

పనిని కొలిచినవాళ్లూ ఉన్నారు, వాళ్ల ఊసే ఎవరూ ఎత్తరు. చైనాలో ట్రిప్ డాట్ కామ్ అనే ట్రావెల్ కంపెనీ తన ఉద్యోగులు 1,612 మందిని పుట్టిన తేదీని బట్టి విడదీసింది. బేసి తేదీవాళ్లకు బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పని, సరి తేదీవాళ్లకు ఐదు రోజులూ ఆఫీసు. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం 2024లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పనితీరులో తేడా కనబడలేదు. ఇంటి నుంచి పని దొరికినవాళ్లలో రాజీనామాలు మాత్రం మూడో వంతు తగ్గాయి. ఇంటి నుంచి పని వల్ల ఉత్పాదకత 2.6 శాతం పడిపోతుందని మొదట్లో అన్న మేనేజర్లే, ప్రయోగం అయ్యాక 1 శాతం పెరుగుతుందన్నారు.

ఈ పరిశోధనా మనవాళ్లకు పూర్తిగా అక్కరకు రాదు. అందులో ఉద్యోగులు ఆఫీసున్న ఊళ్లోనే ఉన్నారు. బరంపురంలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్ చేరడానికి ఒక రాత్రంతా పోతుంది. వారానికి మూడు రోజులన్నా, ఐదు రోజులన్నా అక్కడ గది తీసుకోవాల్సిందే, అద్దె కట్టాల్సిందే. (బరంపురం ఉన్న గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు పోయే కూలీలకు ఈ చర్చే లేదు, మగ్గాన్ని ఇంటికి తెచ్చుకోలేరు కదా.)

అందుకే ఇన్ఫోసిస్ పెట్టిన 'నెలకు 10 రోజులు' లాంటి నిబంధన వచ్చినప్పుడు ఇక్కడివాళ్లు ముందు అడిగేది ఒకటే: ఆ పది రోజులూ వరసగా చేసేయొచ్చా? వరసగా అయితే నెలకు ఒక్కసారి రానూపోనూ టికెట్లతో సరిపోతుంది. వారానికి రెండు మూడు చొప్పున చేయాలంటే మళ్లీ గది వెతుక్కోవాలి.