బరువు తగ్గించే ఆపరేషన్: ఓపీలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

బేరియాట్రిక్, అంటే బరువు తగ్గించే సర్జరీల విభాగంలో డైటీషియన్‌గా పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. సర్జన్ పని గంట, రెండు గంటల్లో అయిపోతుంది. నా దగ్గరకు మాత్రం అవే మనుషులు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటారు. వచ్చేటప్పుడు చుట్టాలు, పక్కింటివాళ్లు చెప్పిన మాటలన్నీ మూటగట్టుకుని వస్తారు. ఆ మూటలో ఎక్కువగా కనిపించేవి ఇవి.

అపోహ: పొట్ట దగ్గర కొవ్వు కోసి తీసేస్తారు.

అది లైపోసక్షన్. చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగుతారు. ఒంటి ఆకృతి మారుతుంది గానీ దాన్ని షుగర్‌కో, బీపీకో వైద్యంగా ఎవరూ చేయరు. బేరియాట్రిక్ సర్జరీలో కొవ్వు జోలికే పోరు. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్న స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని నిలువునా కత్తిరించి, ముప్పావు వంతు తీసేసి, అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టంలా మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం కూడా దాంతోపాటే పోతుంది. కొత్తలో చాలామంది ‘అన్నం వేళ అయిందన్న సంగతే గుర్తుకు రావడం లేదు’ అనడానికి కారణం ఇదే. బైపాస్ అనే రెండో పద్ధతిలో జీర్ణాశయం పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి, చిన్నపేగు మొదటి భాగాన్ని దాటించి కిందికి కలుపుతారు. రెండూ చిన్న రంధ్రాల గుండా చేసేవే.

అపోహ: నోరు కట్టుకోలేనివాళ్ల దొడ్డిదారి ఇది.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బరువు బాగా తగ్గిన శరీరం దాన్ని కరువుగా లెక్కగడుతుంది. ఆకలి హార్మోన్లను పెంచుతుంది, శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది. మూడుసార్లు పదేసి కిలోలు తగ్గి, మూడుసార్లూ వడ్డీతో సహా పెరిగిన మనిషిని పట్టుకుని సోమరి అనడం అన్యాయం. ఇక ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు కాలేయం కుదించుకోవడానికి దాదాపు ద్రవాహారమే. తర్వాత ద్రవాలు, మెత్తటి ముద్ద, మెత్తటి వంటలు అంటూ మామూలు భోజనానికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. దొడ్డిదారి అయితే ఇంత పొడవు ఉండదు.

ఎవరికి చేయాలన్న లెక్కా మారింది. 1991లో అమెరికాలో పెట్టిన గీత బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) 40, జబ్బులు తోడైతే 35. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దాన్ని 35కు, షుగర్ లాంటి జబ్బులుంటే 30కి దించాయి. ఆసియావాసులకు తక్కువ బరువులోనే జబ్బులు పట్టుకుంటాయి కనుక 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. మన ఆరోగ్య బీమా నిబంధనలు ఇంకా 40, తీవ్రమైన జబ్బులుంటే 35 దగ్గరే ఉన్నాయి. అయిదడుగుల మూడంగుళాల మనిషికి 27.5 అంటే 70 కిలోలు, 40 అంటే 102 కిలోలు. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్లు క్లెయిమ్ గురించి ముందే రాతపూర్వకంగా కనుక్కోండి.

అపోహ: ప్రాణాలకే ముప్పు.

అనుభవమున్న చోట మరణ ముప్పు వెయ్యిమందిలో ఒకరికి అటూఇటూ. పిత్తాశయం తీసే ఆపరేషన్‌తో పోల్చదగినదే. కుట్టు దగ్గర లీకు, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం జరగవని కాదు. అందుకే అదే సాయంత్రం లేపి నడిపిస్తాం. ఇంటికెళ్లాక జ్వరం, గుండెదడ, పెరుగుతున్న కడుపునొప్పి కనిపిస్తే తెల్లారేదాకా ఆగవద్దు.

అపోహ: షుగర్ శాశ్వతంగా పోతుంది.

చాలామందికి మాత్రలు తగ్గుతాయి, కొందరికి పూర్తిగా ఆగుతాయి. ఏళ్ల తరబడి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు ఆ అవకాశం తక్కువ. ఆగినవాళ్లలోనూ కొందరికి కొన్నేళ్లకు తిరిగి వస్తుంది. ఇంకో సంగతి: ఆపరేషన్ తర్వాత పాత మోతాదే వేసుకుంటూ పోతే షుగర్ పడిపోతుంది. డాక్టర్ రాసిచ్చిన కొత్త మోతాదే వాడాలి.

అపోహ: కొంచెమే పడుతుంది కాబట్టి ఏం తిన్నా ఫరవాలేదు.

అన్నింటిలోకీ నష్టం చేసేది ఇదే. గుంటూరు వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చేవారు (వివరాలు కొన్ని మార్చాను). స్లీవ్ అయ్యాక 112 నుంచి 81 కిలోలకు దిగారు, ఏడాదిన్నరకు 87. ‘ఏమీ తినడం లేదమ్మా, ఒకటిన్నర ఇడ్లీకే చాలనిపిస్తుంది’ అన్నారు. అబద్ధం కాదు. నిన్న నోట్లో వేసుకున్నవన్నీ రాయమని నోటుపుస్తకం ఇచ్చాను. నాలుగో వరుసలో ‘టీవీ చూస్తూ కారప్పూస, కొంచెం’ అని ఉంది. కొంచెమంటే ఎంత అని అడిగితే దోసిలి పట్టబోయి గుప్పిట చేశారు. పక్కనున్న మనవరాలు అందుకుంది: ‘డబ్బా ఒళ్లోనే పెట్టుకుంటుంది మేడం.’

కోడిమాంసం ముక్కో, ఉడికించిన శనగలో నాలుగు ముద్దలకే ఆ సన్నటి గొట్టంలో నిలబడి కడుపు నిండిందనిపిస్తాయి. కారప్పూస, బిస్కట్లు నోట్లోనే కరిగి కిందికి పోతాయి. ఐస్‌క్రీం, జ్యూస్, పంచదార టీ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా విభాగంలో వీటిని జారుడు తిండి అంటాం. పొట్ట సాగిపోయిందని భయపడేవాళ్లలో సగం మందికి డబ్బా మూత పెడితే చాలు.

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో ఆరు, వంద గ్రాముల పన్నీర్‌లో పద్దెనిమిది, అంతే చికెన్‌లో పాతిక పైమాటే. పెరుగులో మూడు, నాలుగే. మాంసం తిననివారికి మీల్‌మేకర్, పెసలు, శనగలు. మన ఇళ్లలో అన్నంలో పప్పు కలుపుకుంటాం. మీరు పప్పులో అన్నం కలుపుకోండి. ప్రొటీన్ అయ్యాక కూర, చోటు మిగిలితే అన్నం. భోజనం మధ్యలో నీళ్లు వద్దు, ముగిశాక అరగంట ఆగండి. పెళ్లి పంక్తిలో కొసరి వడ్డించేవాళ్లకు ఆపరేషన్ కథంతా చెప్పనక్కర్లేదు, ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే సరిపోతుంది.

అపోహ: జుట్టంతా ఊడిపోతుంది. విటమిన్లు ఆరు నెలలు చాలు.

మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు రాలడం మామూలే, మళ్లీ వస్తుంది. ప్రొటీన్, ఐరన్ తక్కువైతే ఎక్కువకాలం రాలుతుంది. మాత్రలు మాత్రం జీవితాంతం: బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి, మల్టీవిటమిన్. కాల్షియం, ఐరన్ కలిపి వేసుకోవద్దు, రెండు గంటల తేడా ఉండాలి. ఏడాదికోసారి రక్తపరీక్ష.

వాంతులు కొన్ని రోజులు ఆగకపోతే థయమిన్, అంటే బీ1, అడుగంటుతుంది. కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం, వస్తువులు రెండుగా కనిపించడం దాని గుర్తులు. అప్పుడు ఊళ్లో నీరసమని గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ముందు థయమిన్ ఇంజెక్షన్ పడాలి. చికిత్స చేసేవారికి మొదటి మాటగా మీ ఆపరేషన్ సంగతే చెప్పండి.

అపోహ: పిల్లలు పుట్టరు.

తలకిందులు. పీసీఓఎస్‌తో (అండాశయాల హార్మోన్ల సమస్య) ఆగిన నెలసరి గాడిన పడి, అనుకోకుండా గర్భం వచ్చినవాళ్లున్నారు. ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటాం. బైపాస్ అయినవారు గర్భనిరోధక మాత్రలనే నమ్ముకోకుండా గైనకాలజిస్టును అడగాలి.

అపోహ: గాయాలు మానాయి, ఇక అందరిలాగే.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలతో, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, కలిపిన చోట పుండ్లు పడతాయి. సిగరెట్‌తోనూ అంతే. మద్యం త్వరగా తలకెక్కుతుంది. పదేళ్ల తర్వాత ఏ ఆపరేషన్ అయిందో గుర్తులేక ‘పొట్టకి ఏదో చేశారు’ అనే రోగులు నాకు తెలుసు. డిశ్చార్జి కాగితాన్ని ఈ రోజే ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా.