తక్‌పట్టీ మీద ప్రశ్నార్థకాలు: లాగిన్ వెంట రాని వేరియబుల్స్ కథ

మిర్చి సీజన్ నడుమ ఒక సాయంత్రం ఎనుమాముల మార్కెట్ దగ్గరి అడ్తి దుకాణం నుంచి ఫోన్. "అన్నా, తక్‌పట్టీల మీద పేర్లు వస్తలేవు. అన్నీ ప్రశ్నార్థకాలే." ఫొటో పంపాడు. తక్‌పట్టీ అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీ. తూకం, ధర, అంకెలన్నీ బాగానే ఉన్నాయి. మిర్చి రకం 'తేజ' ఉండాల్సిన చోట మూడు ప్రశ్నార్థకాలు, 'చపాట' ఉండాల్సిన చోట నాలుగు. ఏత్వం, దీర్ఘం కూడా కంప్యూటర్‌కు విడి గుర్తులే కదా, లెక్క పక్కాగా సరిపోయింది.

ఆ బిల్లుల ప్రోగ్రామ్ నేను జావాలో రాసిందే. నడిచేది హైదరాబాద్‌లోని ఒక సర్వర్‌లో. అప్పటిదాకా హనుమకొండలో ఇంట్లో కూర్చుని, ఉబుంటు ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంలోని కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) లాగినై నేనే నడిపేవాణ్ని. ఆ వారమే దుకాణంలో పిల్లవాడికి అప్పజెప్పాను, అతను విండోస్ నుంచి పుట్టీ అనే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌తో లాగినవుతాడు. ప్రోగ్రామ్ అదే, సర్వర్ అదే, యూజర్ పేరూ అదే. తేడా ఎక్కడంటే, నా ల్యాప్‌టాప్ నాకు చెప్పకుండానే 'లాంగ్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (ప్రోగ్రామ్‌లు చూసుకునే పేరు-విలువ జత, ఇది భాషను చెప్పేది) కూడా సర్వర్‌కు మోసుకెళ్తోంది. పుట్టీ మనం రాసిపెడితే తప్ప ఏదీ మోయదు. సర్వర్‌కంటూ సొంత లొకేల్, అంటే భాష, అక్షరాల సెట్టింగ్, నేను పెట్టలేదు. లొకేల్ ఏదో తెలియనప్పుడు జావా తెలుగక్షరం కనబడితే ప్రశ్నార్థకం వేసి ఊరుకుంటుంది.

ఒకటి మోయడం, ఇంకొకటి మోయకపోవడం ఏమిటన్న ప్రశ్నకు జవాబు 1979 దగ్గర మొదలవుతుంది. ఆ ఏడాది వచ్చిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్‌తోనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ వచ్చాయి. ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఇంకో ప్రాసెస్‌ను పుట్టిస్తే తన దగ్గరున్న వేరియబుల్స్ దానికి ఒడిబియ్యంలా కట్టి పంపుతుంది. కానీ ఇదంతా ఒకే మెషిన్ మెమరీలో జరిగే వ్యవహారం. నెట్‌వర్క్ అవతలి మెషిన్‌లో పుట్టే షెల్‌కు (మన కమాండ్‌లు తీసుకునే ప్రోగ్రామ్) మన షెల్ తల్లి కాదు. ఏదైనా అందాలంటే రెండు మెషిన్లు మాట్లాడుకునే నియమాల్లో, అంటే ప్రోటోకాల్‌లో, ప్రత్యేకంగా రాసి పంపాలి.

1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంతో వచ్చిన ఆర్‌లాగిన్, దూరపు మెషిన్‌లోకి లాగినయ్యే ప్రోగ్రామ్, ఈ విషయంలో పొదుపరి. యూజర్ పేర్లు కాక అది పంపేది టెర్మినల్ రకం, ఒక గీత, టెర్మినల్ వేగం. 'వీటీ100/9600' అన్నట్టు. అంతే. అదే పని చేసే టెల్‌నెట్‌కు మాత్రం 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1408తో (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలు) ఏ వేరియబుల్‌నైనా పంపే ఆప్షన్ వచ్చింది. తమాషా ఏమిటంటే, బీఎస్‌డీ వాళ్ల ప్రోగ్రామ్‌లో 'పేరు', 'విలువ' అని చెప్పే రెండు కోడ్‌లు తారుమారయ్యాయి. ఆ ప్రోగ్రామ్ అప్పటికే ఊరంతా పాకింది. సరిదిద్దడం కంటే కొత్తది పెట్టుకోవడమే మేలనుకుని 1994లో ఆర్‌ఎఫ్‌సీ 1572 రాశారు, ఆప్షన్ నంబర్‌నే 36 నుంచి 39కి మార్చారు.

అసలు దెబ్బ 1995 నవంబర్‌లో తగిలింది. టెల్‌నెట్ సర్వర్ క్లయింట్ పంపిన వేరియబుల్స్‌ను పాస్‌వర్డ్ అడిగే లాగిన్ ప్రోగ్రామ్‌కు అప్పగిస్తుంది, అదీ రూట్ హోదాలో, అంటే మెషిన్ మీద సర్వాధికారాలతో. దాడి చేసేవాడు ముందుగా ఎఫ్‌టీపీతోనో ఇంకోలాగో తన నకిలీ లైబ్రరీని ఆ మెషిన్‌లో పడేస్తాడు. తర్వాత లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే 'ఎల్‌డీ లైబ్రరీ పాత్' వేరియబుల్‌లో దాని చోటు రాసి పంపుతాడు. లాగిన్ ఆ లైబ్రరీని ఎక్కించుకుంటుంది, ఇంకా పాస్‌వర్డ్ అడగకముందే రూట్ వాడి చేతికొస్తుంది. మామూలు యూజర్ నడిపినా యజమాని అధికారంతో నడిచే సెట్‌యూఐడీ ప్రోగ్రామ్‌లకైతే, లైబ్రరీలు ఎక్కించే లోడర్ ఇలాంటి వేరియబుల్స్‌ను పట్టించుకోదు. ఇక్కడ లాగిన్‌ను నడిపింది రూటే కాబట్టి ఆ కాపలా పనిచేయలేదు. కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్ హెచ్చరిక జారీ చేసింది. నన్నడిగితే ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు అదే. ఇంకో మెషిన్ పంపిన వేరియబుల్‌ను అమాయకంగా చూడకూడదని అది నేర్పింది.

పాస్‌వర్డ్‌లు దొంగిలించే దాడి చూసి ఫిన్లాండ్‌లో తాతు యూలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాసింది కూడా 1995లోనే. దాని వారసుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో 2004లో, 3.9 వెర్షన్‌తో, 'సెండ్‌ఎన్వ్', 'యాక్సెప్ట్‌ఎన్వ్' వచ్చాయి. క్లయింట్ పంపుతాననాలి, సర్వర్ తీసుకుంటాననాలి. సర్వర్ వైపు డిఫాల్ట్‌గా ఏదీ తీసుకోదు, టెర్మినల్ రకం ఒక్కటీ మినహాయింపు. 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4254 కూడా ఇదే జాగ్రత్త చెప్పింది. నాకున్న ఫిర్యాదు ఒకటే: ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ వేరియబుల్ పంపి జవాబు అడగదు. సర్వర్ దాన్ని చెత్తబుట్టలో వేసినా మనకు ఒక్క ముక్క తెలియదు. రాత్రిళ్లు పోయేది ఇక్కడే.

మరి నా 'లాంగ్' ఎలా వెళ్లింది? డెబియన్, ఉబుంటు వాళ్లు భాష కోసమని రెండు వైపులా 'లాంగ్'కు, 'ఎల్‌సీ_'తో మొదలయ్యే పేర్లన్నింటికీ తలుపు తెరిచి పెట్టారు. ఆ సందులోంచే జనం తమ సొంత వేరియబుల్స్‌కు కూడా 'ఎల్‌సీ_' తగిలించి దాటించేస్తారు. నేనూ చేశాను, దుకాణం గుర్తింపు కోడ్ అలాగే పంపేవాణ్ని. 2014లో బ్యాష్ అనే షెల్‌లో షెల్‌షాక్ లోపం బయటపడ్డప్పుడు ఆ సందు ఎంత ప్రమాదమో తెలిసింది. వేరియబుల్ పేరు ఏదైనా, దాని విలువలో దాచిన కమాండ్‌ను బ్యాష్ నడిపేసేది. ఒక్క కమాండ్‌కే పరిమితం చేసిన లాగిన్‌ల కట్టడి కూడా దాంతో తెగిపోయింది.

పిల్లవాడి పుట్టీలో 'లాంగ్' రాసిపెట్టమని చెప్పొచ్చు, రేపు ఇంకో కంప్యూటర్ వస్తే మళ్లీ ఇదే గోల. అందుకే ప్రోగ్రామ్‌ను నడిపే స్క్రిప్ట్ మొదట్లోనే లొకేల్ ఎక్స్‌పోర్ట్ చేసే లైన్ రాశాను. అతను మళ్లీ కొట్టి ఫొటో పంపాడు. చపాట, చపాటలాగే వచ్చింది. నా ల్యాప్‌టాప్ నుంచి దుకాణం కోడ్ మాత్రం ఇంకా 'ఎల్‌సీ_' వేషంలోనే వెళ్తోంది, సీజన్ అయిపోయాక మార్చాలి.