ఏడోసారి ఫోన్ మోగినప్పుడు

చిరంజీవులు బంటీ, చిన్నిలకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న వీడియో కాల్‌లో చిన్ని ఒక జపాన్ పాట పెట్టి, "ఇదెవరు పాడారో నీకు తెలీదులే పెద్దమ్మా" అంది కదా. తెలుసే తల్లీ. ఉటాడా హికారు. 'ఫస్ట్ లవ్' పాట. మీ అమ్మకి పెళ్లి కూడా కాకముందు, 1999లో వచ్చింది. ఫోన్లో చెప్తే బంటీ మధ్యలో లేచిపోతాడని ఇలా రాస్తున్నాను.

ఆ పిల్ల రాత్రికి రాత్రే స్టార్ అయిపోయిందని అంటుంటారు. నేనొప్పుకోను. హికారు 1983లో న్యూయార్క్‌లో పుట్టింది. నాన్న సంగీత నిర్మాత. అమ్మ ఫుజి కేకో, ఎన్కా గాయని. ఎన్కా అంటే ఎడబాటు, వాన, మందు, కన్నీళ్లు... గొంతు వణికిస్తూ పాడే పాటలన్నమాట. 1970లో ఆవిడ తొలి ఆల్బమ్ వరసగా 20 వారాలు జపాన్‌లో మొదటి స్థానంలో ఉంది. అలాంటి ఇంట్లో పిల్లకి స్టూడియో అంటే మీకు వంటిల్లు లాంటిది. పదేళ్లకే అమ్మానాన్నలతో కలిసి ఓ ఆల్బమ్‌లో పాడింది. తర్వాత 'క్యూబిక్ యు' అనే పేరుతో ఇంగ్లీషులో ఇంకో ఆల్బమ్ చేసింది. 1998 మొదట్లో అది జపాన్‌లో విడుదలైతే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత పాట పేరుతోనే వచ్చిన 'ఫస్ట్ లవ్' ఆల్బమ్‌ని తొలి ఆల్బమ్ అంటారు గానీ, నిజానికి అది జపనీస్‌లో తొలిది.

ఆ 1998లోనే డిసెంబరు 9న 'ఆటోమేటిక్' అనే సింగిల్ (ఆల్బమ్‌లో కాకుండా విడిగా అమ్మే పాట) వచ్చింది. అప్పటికి తనకి 15 ఏళ్లు. రాతా తనదే, బాణీ తనదే. టీవీలో మొహం పెద్దగా కనపడకముందే ఎఫ్‌ఎం రేడియోల్లో గొంతు మోగిపోయింది. వీడియోలో మోకాళ్లు మడిచి, ఒంగి ఒంగి పాడుతుంది. సెట్ పైకప్పు మరీ కిందకి ఉందిలెండి! జపాన్ పిల్లలంతా దాన్నే స్టైల్ అనుకుని అనుకరించారు.

నాకు నచ్చింది మాత్రం ఆ పాట మొదటి వాక్యం. ఏడోసారి మోగాక అవతలి మనిషి ఫోన్ ఎత్తుతాడు, అంతే విషయం. అందులో 'బెరు' అంటే గంట, 'జువాకి' అంటే రిసీవర్. హికారు 'బె' దగ్గర ఆగి, 'రు'ని తర్వాతి దరువుకి తోసేస్తుంది. 'జు' ఒకచోట, 'వాకి' ఇంకోచోట. జపాన్ వాళ్ల చెవికి అది కొత్త. మనకి కాదు. ఉత్పలమాల పద్యంలో పాదం అయిపోయినా మాట అవదు, మిగతా ముక్క కింది పాదంలో పడుతుంది చూడండి, అలాగే. బంటీ, పద్యం అప్పచెప్పేటప్పుడు నువ్వు తిట్టుకునే చోటు అదే!

ఇంకో తమాషా. ఆ సింగిల్‌ని చిన్న సీడీగా, పెద్ద సీడీగా రెండు రకాలుగా అమ్మారు. అమ్మకాల జాబితాలో లెక్క విడివిడిగా వేశారు. రెండూ కలిపితే 20 లక్షలు దాటినా, మొదటి స్థానం మాత్రం దక్కలేదు.

1999 మార్చి 10న 'ఫస్ట్ లవ్' ఆల్బమ్ వచ్చింది. మొదటి వారంలోనే 20 లక్షలు అమ్ముడైంది. మొత్తం జపాన్‌లో 76 లక్షలు పైనే, అంటే పదహారు పదిహేడు మందికి ఒక సీడీ చొప్పున. ఇప్పటికీ అక్కడ అంతకన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ లేదు, ఇక రాదు కూడా అనుకుంటాను. సీడీలు విపరీతంగా కొనే రోజులవి. ఇప్పుడు మీరు కొంటున్నారా ఏమన్నా?

అంత గోలలోనూ తను టోక్యోలో స్కూలుకి వెళ్తూనే ఉంది. 2000లో కొలంబియా యూనివర్సిటీలో చేరి, ఒక్క సెమిస్టర్‌కే మానేసింది. (చిన్నీ, ఈ ముక్క మీ నాన్నకి చదివి వినిపించకు.)

తను స్త్రీ, పురుషుడు అనే రెండింట్లో ఇమడనని 2021లో హికారు చెప్పింది. అందుకే ఎక్కడా 'ఆమె' అని రాయలేదు, చూశారా?

ఆదివారం ఫోన్ చేసేలోపు 'ఆటోమేటిక్' వినండి. ఆ 'బె', 'రు' ఎక్కడ విరిగాయో బంటీ పట్టుకోవాలి.

ఇట్లు
మీ పెద్దమ్మ