తమ్ముడికి నారింజ చొక్కా ఎందుకంటే

శ్రీజకి, విక్కీకి అమ్మమ్మ దీవెనలు.

సెప్టెంబర్ 30న నారింజ చొక్కా వేసి పంపమని తమ్ముడి డేకేర్ వాళ్ళు చెప్పారట. మూడేళ్ళ పిల్లాడికి ఇదంతా ఏం అర్థమవుతుందని అడిగారు కదా. ఫోన్లో చెప్తే సగంలో మీ ట్యూషన్ టైమ్ అయిపోతుంది. అందుకే రాస్తున్నా.

1973లో మీ కెనడాలోనే, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ళ పాపకి బడికి వేసుకెళ్ళమని వాళ్ళ అవ్వ కొత్త నారింజ చొక్కా కొనిపెట్టింది. బళ్ళో అడుగు పెట్టగానే దాన్ని విప్పించి తీసేసుకున్నారు. మళ్ళీ ఇవ్వలేదు. పెద్దయ్యాక ఆమె ఆ సంగతి చెబితే, 2013 నుంచి ఆ రోజున అందరూ నారింజ రంగు వేసుకుంటున్నారు.

ఆ బళ్ళని రెసిడెన్షియల్ స్కూళ్ళు అంటారు. మన దగ్గర గురుకులంలో సీటు కోసం పరీక్షలు రాస్తారు చూడండి, అలాంటివి కావవి. ప్రభుత్వం డబ్బిస్తే చర్చిలు నడిపేవి. అక్కడి మూలవాసుల పిల్లల్ని ఇంటికి దూరంగా ఉంచి, సొంత భాష మాట్లాడితే కొట్టేవాళ్ళు. దాదాపు లక్షా యాభై వేలమంది పిల్లలు వాటిలో చదివారు. చాలామంది తిరిగి రాలేదు. 1990ల దాకా అవి నడిచాయంటే, మీ అమ్మ బళ్ళో చదువుకుంటున్న రోజుల్లో కూడా ఉన్నాయన్నమాట.

వాళ్ళ భాషనీ సంస్కృతినీ చెరిపింది చిన్నపిల్లల దగ్గరే కాబట్టి, సరిదిద్దడం కూడా అక్కడే మొదలవ్వాలి. ఆ బళ్ళ సంగతి విచారించిన సత్యం, సయోధ్యల కమిషన్ 2015లో చేయాల్సిన 94 పనులు చెప్పింది. మూలవాసుల కుటుంబాలకు వాళ్ళ సంస్కృతికి తగిన శిశువిద్య ఉండాలన్నది అందులో 12వది. అంతకుముందే, 1995 నుంచి, హెడ్ స్టార్ట్ పేరుతో వాళ్ళ పిల్లలకు సొంత భాష, పాటలు, తిండి, తల్లిదండ్రుల తోడు ఉండే కేంద్రాలు నడుస్తున్నాయి. ఇది వింటే నాకు మన గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు. ఆయన సవర అనే గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటల్లోనే పుస్తకాలు రాశారు. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే మనం ఆయన్ని తలుచుకుంటాం, ఈ సంగతి మర్చిపోతాం.

తమ్ముడికి మాత్రం చావుల సంగతి ఇప్పుడే చెప్పకండి. చొక్కా కథ చాలు. మనకిష్టమైంది ఎవరైనా లాక్కుంటే ఎలా ఉంటుందో వాడికి బాగా తెలుసు, రోజూ నీ బొమ్మలు లాక్కుంటాడుగా విక్కీ!

మీరైతే ఇంకొంచెం తెలుసుకోవచ్చు. మీ మిసిసాగా ఊరికి ఆ పేరు వచ్చిన జనం ఇప్పటికీ ఉన్నారు. క్రెడిట్ నది ఒడ్డున ఉండేవాళ్ళు 1847లో అక్కణ్ణుంచి తరలిపోయి, ఇప్పుడు హేగర్స్‌విల్ దగ్గర ఉంటున్నారు. కాబట్టి వాళ్ళు పూర్వం ఉండేవాళ్ళన్నట్టు ఎవరు చెప్పినా సరిదిద్దండి. కాగితం ఈకలతో కిరీటాలు చేయించడం నాకస్సలు నచ్చదు. వాళ్ళ వేషం వేసుకుంటే వాళ్ళు తెలిసినట్టు కాదు. దాని బదులు వాళ్ళు రాసిన పిల్లల పుస్తకాలు లైబ్రరీలో అడగండి.

డేకేర్ టీచర్‌ని ఒక మాట అడగమని అమ్మతో చెప్పండి: ఆ జనంలోంచి ఎవరినైనా కథ చెప్పడానికి పిలుస్తున్నారా, పిలిస్తే వాళ్ళ శ్రమకి డబ్బిస్తున్నారా అని. ఏమన్నారో ఆదివారం ఫోన్లో నాకు చెప్పాలి.

ఇట్లు,
మీ అమ్మమ్మ