ముందు నుంచి తీసిన ఫోటో: విమానం ప్యానెల్ గురించి అపోహలు - వాస్తవాలు

నల్గొండలో బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలు బాగుచేసే దుకాణాల వరుసలో నాది చివరిది. వాయుసేనలో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేసి వచ్చాక, సొంతంగా చిన్న విమానం కట్టుకునేవారికి ప్యానెళ్లు, అంటే పైలట్ ముందు గేజీలు, స్విచ్‌లు బిగించే పలకలు, చేసిస్తున్నాను. వచ్చే ప్రతి ఒక్కరి ఫోనులోనూ మెరిసే ప్యానెల్ ఫోటో ఒకటి ఉంటుంది, ముందు నుంచి తీసింది. వెనుక నుంచి తీసిన ఫోటో తెచ్చినవారు ఇప్పటిదాకా లేరు.

అపోహ: కంప్యూటర్‌లో గీసి లేజర్‌తో కోయిస్తే ప్యానెల్ సిద్ధం.

వాస్తవం: నేను ముందు అట్ట కోస్తాను, రేకు తరువాత. అట్టను విమానంలో బిగించి, యజమానిని సీట్లో బెల్టులతో సహా కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ఫ్లాప్ (రెక్క వెనుక అంచున కిందికి వంగే పలక) స్విచ్ పట్టుకోమంటాను. సగం మంది చేయి గాలిలో వెతుకుతుంది. పెద్ద గేజికి రంధ్రం 3⅛ అంగుళాలు, చిన్నదానికి 2¼ అని అందరికీ తెలుసు. లోతే మరిచిపోతారు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒకాయన రేడియో ముందు వైపు చక్కగా అమరింది. వెనుక కనెక్టర్లకూ, తీగలు వంగడానికీ కావలసిన జాగా మాత్రం లెక్కలోకి రాలేదు. రేడియో వెనుక భాగం పోయి పెట్రోలు ట్యాంకు బ్రాకెట్‌కు తగిలింది. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు, పౌడర్ కోటింగ్‌తో సహా, పాత సామాన్లకు పోయింది.

అపోహ: రెండు డిజిటల్ తెరలు పెడితే గుండ్రటి గేజీలు దండగ.

వాస్తవం: రెండూ ఒకే బ్యాటరీ మీద, ఒకే బస్‌బార్ (అన్నిటికీ కరెంటు పంచే పట్టీ) మీద నడుస్తుంటే పోయేటప్పుడు కలిసే పోతాయి. వేగం గేజికీ, ఎత్తు చూపే ఆల్టీమీటర్‌కూ నడవడానికి కరెంటుతో పనిలేదు. మొదటిది పిటో గొట్టంలోకి ఎదురొచ్చే గాలి ఒత్తిడికీ, బయటి నిశ్చల ఒత్తిడికీ తేడా కొలుస్తుంది. రెండోది ఆ నిశ్చల ఒత్తిడినే కొలుస్తుంది. ఈ రెండు చిన్న గేజీలు, ఒక కంపాస్ లేని ప్యానెల్ నేను చేయను, గిరాకీ పోయినా సరే. మే నెల ఎండలో నిలిపిన విమానంలో తెర నల్లబడి మొరాయించడం చూశాక ఆ పట్టుదల ఇంకా పెరిగింది.

అపోహ: సర్క్యూట్ బ్రేకర్ పరికరాన్ని కాపాడుతుంది.

వాస్తవం: అది కాపాడేది తీగను. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి రాగి తీగ చుట్టడం, ఆ తరువాత వైరు కరిగి స్టార్టర్ డబ్బా నల్లబడి మా వీధికి రావడం ఇక్కడ మామూలే. విమానంలోనూ అదే బుద్ధి పనిచేస్తుంది. 22 గేజి (మందాన్ని చెప్పే అంకె) సన్నటి తీగకు వేసిన 5 ఆంపియర్ల బ్రేకర్ పడిపోతోందని 15 ఆంపియర్లది వేస్తారు. ఇక లోపం వచ్చిననాడు కాలేది తీగే. అది బైకులకు వాడే పీవీసీ తీగ అయితే ఘాటైన విషపు పొగ. పొలంలో అయితే గట్టెక్కి నిలబడవచ్చు. విమానాలకు టెఫ్‌జెల్ అనే, వేడిని తట్టుకునే ప్లాస్టిక్ తొడుగున్న తీగ వాడేది అందుకే.

అపోహ: నేల మీద ఆల్టీమీటర్ సున్నా చూపాలి.

వాస్తవం: సముద్ర మట్టానికి లెక్కకట్టిన ఒత్తిడిని అందులో పెడితే, ఆ చోటు సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున ఉందో నేల మీదే అంత చూపాలి. అమెరికా కిట్‌తో వచ్చే ఆల్టీమీటర్‌లో ఆ ఒత్తిడి పాదరసం అంగుళాలలో ఉంటుంది. మన విమానాశ్రయ టవర్లు చెప్పేది హెక్టోపాస్కల్స్‌లో. 29.92 అంటే 1013 అని గుర్తుంటే సరిపోదు, దిగే హడావిడిలో 1006ను మనసులోనే అంగుళాలలోకి మార్చుకోవాలి. ఒక్క హెక్టోపాస్కల్ తప్పితే దాదాపు 30 అడుగులు తేడా. కొనేటప్పుడే హెక్టోపాస్కల్స్ ఉన్నది అడగండి.

అపోహ: వేగం గేజి మీది రంగులు అన్ని విమానాలకూ ఒకటే.

వాస్తవం: రంగుల అర్థం ఒకటే, అంకెలు వేరు. మిత్రుడి గేజి తెచ్చి బిగించుకుంటే, దాటకూడని వేగం చూపే ఎర్ర గీత ఆయన విమానానిది.

అపోహ: సొంతంగా కట్టుకున్నదానికి అనుమతులు అక్కర్లేదు.

వాస్తవం: ముంబైలో డాబా మీద విమానం కట్టిన అమోల్ యాదవ్‌ను అడగండి. 2017లో రిజిస్ట్రేషన్ చేతికి రావడానికి ఆయనకు ఏళ్లు పట్టింది.

అపోహ: కంపాస్‌ను ఖాళీ ఉన్నచోట పెట్టుకోవచ్చు.

వాస్తవం: దగ్గర్లో ఇనుప స్క్రూ, స్పీకరు, ఎక్కువ కరెంటు పారే తీగ ఏది ఉన్నా అది తప్పు చూపుతుంది. అక్కడ నేను ఇత్తడి స్క్రూలే వాడతాను. అయినా కొంత తేడా మిగులుతుంది. ఇంజిను, రేడియో నడుస్తుండగా విమానాన్ని 30 డిగ్రీలకొకసారి ఆపుతూ చుట్టూ తిప్పి, ఆ తేడాలు చీటీ మీద రాసి పక్కన అంటించాలి. ఒకాయనకు అలా రాసిచ్చిన వారానికే ఫోను వచ్చింది, కంపాస్ ఇరవై డిగ్రీలు తప్పు చూపుతోందని. వెళ్లి చూస్తే, దాని పక్కనే అయస్కాంతంతో అంటుకునే ఫోను స్టాండు. అది ఇప్పుడు నా బల్ల మీద ఉంది, చిన్న ఇనుప స్క్రూలు చెదిరిపోకుండా పట్టుకుని.